లారీ ఎక్కే ముందే తేల్చుకోండి: జీతం, బత్తా, పని గంటలు

హెవీ లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన కుర్రాళ్లు ఓనరు దగ్గరికి పోయి మొదట అడిగే మాట ఒకటే: "నెలకు ఎంతిస్తారన్నా?" నేనూ అదే అడిగాను. ఆయన చెప్పిన అంకె బాగానే అనిపించి మరుసటి రోజే బండెక్కాను. చిత్తూరు నుంచి మామిడి గుజ్జు డ్రమ్ములు, పూణె దగ్గర ఒక ఫ్యాక్టరీకి. పోను రాను ఐదు రోజుల పని, జీతం కాకుండా తిండికీ చేతి ఖర్చుకూ ట్రిప్పుకు 4,000 బత్తా అన్నాడు. అంటే రోజుకు 800 కదా అని లోలోపల సంబరపడ్డాను.

పోవడానికి రెండున్నర రోజులు పట్టింది. ఫ్యాక్టరీ గేటు బయట రెండు రోజులు నిలబెట్టారు. సరుకు దించాక తిరుగు లోడు దొరకడానికి ఇంకో రెండు రోజులు. రావడానికి మళ్లీ రెండున్నర. మొత్తం 9 రోజులు. 800 అనుకున్న బత్తా 444కి దిగింది. రోజుకు 300 తిండికే పోతే, ఇంటికి తెచ్చింది 1,300. ఓనరును అడుగుదామంటే నోరు రాలేదు. ఆయన అబద్ధం ఆడలేదు, నేను సరిగ్గా అడగలేదు.

అప్పటి నుంచి కొత్త డ్రైవర్లు ఎవరు సలహా అడిగినా ఒకే మాట చెబుతున్నాను. బండి నడిచే గంటలకు డబ్బులు ఎలాగూ వస్తాయి. బండి నిలబడ్డ గంటలకు ఎవరిస్తారు, ఎంతిస్తారు అనేది తేల్చుకున్నాకే తాళం చెవి తీసుకోండి. ఎలా తేల్చుకోవాలో వరుసగా చెబుతాను.

1. మీ లైసెన్సుకు ఏ బండి వస్తుందో చూసుకోండి

లారీకి లెర్నర్ లైసెన్సు తీసుకోవాలంటే కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో తీసేశారు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు 5 ఏళ్లు పనిచేస్తుంది. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ లాంటి ప్రమాదకరమైన సరుకు తోలే లైసెన్సుకైతే గడువు 3 ఏళ్లే.

ఇంకా హెవీ రాని వాళ్లు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి ఆ లెక్కలోకే వస్తాయి. మార్కెట్ యార్డుకు కూరగాయలు తోలుతూ ఒక ఏడాది చేయి తిప్పుకుంటే తర్వాత పెద్ద బండి మీద బెరుకు ఉండదు.

నన్నడిగితే మొదటి ఆరు నెలలు దూరం పోకండి. శ్రీసిటీ, రేణిగుంట, గాజులమండ్యం వైపు ఫ్యాక్టరీల నుంచి చెన్నైకి రోజూ బండ్లు పోతుంటాయి. తిరుపతి నుంచి చెన్నై 140 కిలోమీటర్ల చిల్లర. పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరవచ్చు, లేదా మరుసటి రోజు. ఢిల్లీ లైనుతో పోలిస్తే డబ్బులు తక్కువే. కానీ గేటు పాసులు, కాటా, హమాలీలు, బిల్లులు అన్నీ ఈ చిన్న లైనులోనే తెలిసిపోతాయి. ఇక్కడ తప్పు చేస్తే ఇంటి దగ్గరే చేసినట్టు. నాగపూర్ దగ్గర చేస్తే ఫోను ఎత్తే వాడుండడు.

2. జీతం ఏ పద్ధతిలో ఇస్తున్నారో అర్థం చేసుకోండి

మన వైపు నాలుగు పద్ధతులున్నాయి. ఏదీ పూర్తిగా మంచిదని చెప్పలేను, చెడ్డదనీ చెప్పలేను.

నెల జీతంతో పాటు బత్తా ఇచ్చేది ఒకటి. ఫ్యాక్టరీలకు తోలే పెద్ద ట్రాన్స్‌పోర్టుల్లో ఎక్కువగా ఇదే. కొత్తవాళ్లకు ఇదే నయం, ఎందుకంటే లోడు దొరక్కపోయినా జీతం ఆగదు. ఇక్కడ అడగాల్సిన మాట: బత్తా రోజుకా, ట్రిప్పుకా? ఈ ఒక్క మాటలోనే నా పూణె ట్రిప్పు మునిగింది.

రెండోది ట్రిప్పుకు ఇంత అని గుత్తగా మాట్లాడుకోవడం. చెన్నై, బెంగళూరు లాంటి దగ్గరి లైన్లకు పరవాలేదు. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేని దూరాలకు మాత్రం ఇది డ్రైవరు నెత్తినే పడుతుంది.

మూడోది బాడుగలో పర్సెంటు. వినడానికి భాగస్వామ్యంలా ఉంటుంది. అసలు సంగతి, దేని మీద పర్సెంటు అన్నది. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. బాడుగ 60,000, మీకు పది శాతం. మొత్తం బాడుగ మీదైతే 6,000 వస్తుంది. డీజిలు, టోలు, బ్రోకరు కమీషను కలిసి 35,000 తీసేశాక మిగిలిన దాని మీదైతే 2,500. అదే పది శాతం, అదే లారీ! ఏ ఖర్చులు తీసేసి లెక్క కడతారో ముందే చెప్పించుకోండి. బ్రోకరు ఆఫీసులో అసలు బాడుగ ఎంతకు కుదిరిందో మీకు చూపిస్తారా అని కూడా అడగండి. చూపించని చోట పర్సెంటు పద్ధతికి ఒప్పుకోవద్దు.

నాలుగోది కిలోమీటరుకు ఇంత. దీంట్లో ఖాళీగా వచ్చే కిలోమీటర్లకు కూడా ఇస్తారా లేదా అన్నదే తేలాలి. ఇంకో సంగతి కూడా ఉంది, ఈ పద్ధతిలో బండి ఆగితే జేబు ఆగుతుంది. నిద్ర వచ్చినా ఆపబుద్ధి కాదు.

వీటన్నిటి వెనకా మైలేజి అనే ఇంకో ముడి ఉంటుంది. ఫలానా బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇవ్వాలి, తగ్గితే నీ జీతంలో కటింగ్ అంటారు. 2,000 కిలోమీటర్లకు 500 లీటర్లు కావాలి. మీరు 530 తాగించారనుకోండి, 30 లీటర్లకు దాదాపు మూడు వేలు పోయినట్టే. కాబట్టి లోడుతో ఎంత, ఖాళీగా ఎంత అని విడివిడిగా మాట్లాడుకోండి. ఆ బండిని అంతకు ముందు తోలిన డ్రైవరుకు ఎంత వచ్చేదో కనుక్కోండి. ఏ లారీకైనా పాత డ్రైవరు ఒకడుంటాడు, టీ కొట్టు దగ్గర దొరుకుతాడు.

ఈ మైలేజి భయంతోనే కొందరు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తారు. పలమనేరు నుంచి బంగారుపాళెం వైపు దిగే మొగిలి ఘాట్‌లోనూ, పీలేరు నుంచి తిరుపతి వచ్చే భాకరాపేట ఘాట్‌లోనూ జరిగిన ప్రమాదాలు మన జిల్లాల్లో అందరికీ తెలిసినవే. న్యూట్రల్ వేస్తే ఇంజను పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది, లైనర్లు కాగి పట్టు వదిలేస్తాయి. పోనీ డీజిలన్నా మిగులుతుందా అంటే అదీ లేదు. న్యూట్రల్‌లో ఇంజను ఆగకుండా తిరగడానికి కాస్త డీజిలు తాగుతూనే ఉంటుంది. ఈ కాలం బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే డీజిలు పోయడమే ఆగిపోతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. డబ్బు లెక్కలోనూ అదే సరైనది.

3. బండెక్కే ముందు ఈ మాటలు అడిగేయండి

అడగడానికి మొహమాటం వద్దు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఓనరు పెడతాడా? కొత్తవాడు ఇన్ని అడుగుతున్నాడేమిటని విసుక్కుంటాడు కూడా. నవ్వుతూ అడగండి.

"అన్నా, బత్తా రోజు లెక్కనా, ట్రిప్పు లెక్కనా?"

"ట్రిప్పుకేనప్పా. ఐదు రోజుల్లో వచ్చేస్తావులే."

"ఐదు దాటితే ఆరో రోజు నుంచి ఎంతన్నా?"

"చూస్కుందాంలే."

ఈ "చూస్కుందాంలే" దగ్గర ఆగిపోకూడదు. నేను ఆగిపోయాను. "అట్లా కాదన్నా, రోజుకు ఒక 500 అనుకుందామా?" అని మీరే ఒక అంకె చెప్పేయండి. ఆయన 400 అంటాడు. ఆ 400 అయినా ఖాయమైనట్టే కదా.

నిలబడినందుకు ఇచ్చే డబ్బును మన వాళ్లు హాల్టింగ్ అంటారు. సరుకు పార్టీ చెప్పిన గడువు దాటి బండిని నిలబెడితే చాలాచోట్ల ఓనరుకు హాల్టింగ్ చార్జీ ఇస్తుంది. అందులో డ్రైవరుకు ఎంత అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. బండిలో పడుకుని కాపలా కాసేది మీరు, దోమలు కుట్టేది మిమ్మల్ని. వాటా అడగడంలో తప్పేం లేదు.

మన జిల్లాల్లో ఇది ఉత్త మాట కాదు. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయ దిగుతుంటే గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు బారులు తీరుతాయి. 2025లో ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు రావాలని చెప్పిన ఏడాదైతే గేట్ల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టాయి. కాయ కుళ్లుతుంటే రైతు బాధ రైతుది. బత్తా ట్రిప్పు లెక్కన మాట్లాడుకున్న డ్రైవరు బాధ పేపర్లో రాదు.

మిగతా ఖర్చుల్లో ఏది ఎవరిదో కూడా అప్పుడే తేల్చండి. టోలు ఫాస్టాగ్ నుంచి పోతుంది కాబట్టి దాంతో గొడవ లేదు. బిఎస్6 బండ్లకు పోసే యూరియా నీళ్లు, పంక్చరు, పార్కింగ్, లోడింగ్ మామూలు, హమాలీ కూలి, పట్టా (టార్పాలిన్) కట్టించిన కూలి: వీటికి మీ జేబులోంచి పెట్టి తర్వాత అడుక్కునే పరిస్థితి రాకూడదు. ట్రిప్పు ఖర్చుల అడ్వాన్సు వేరు, బత్తా వేరు. రెండూ కలిపి ఒకే మొత్తంగా ఇస్తుంటే, "ఇందులో నాది ఎంతన్నా?" అని అక్కడే విడదీయించండి.

ఓవర్‌లోడు సంగతి వేరే చెప్పాలి. దొరికితే 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. మూడు టన్నులు ఎక్కువుంటే 26,000. పైగా ఎక్కువ సరుకును అక్కడే దించమంటారు. గ్రానైటు, ఇసుక, కంకర తోలేవాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. కాటా చీటీ చూడకుండా బయలుదేరకండి. ఎక్కువుంటే ఫోటో తీసి ఓనరుకు పంపి, "ఇంత ఉందన్నా, పోమంటారా?" అని అడగండి. పోమంటే ఆ మాట వాట్సాప్‌లో ఉంటుంది. పోకపోవడమే మంచిదనుకోండి, కొత్త ఉద్యోగంలో అంత ధైర్యం అందరికీ రాదని నాకూ తెలుసు.

టమాట తోలేవాళ్లు లేటు కటింగ్ గురించి అడగాలి. మదనపల్లె నుంచి బయలుదేరిన బండి అవతలి మార్కెట్టుకు టైముకు చేరకపోతే పార్టీ బాడుగలో కోస్తుంది, ఓనరు ఆ కోతను డ్రైవరు మీదికి తోస్తాడు. ట్రాఫిక్ వల్లో, బండి రిపేరు వల్లో ఆలస్యమైతే మీ మీద వేయకూడదని ముందే అనుకోండి.

అంతా మాట్లాడుకున్నాక, ఆ రాత్రే ఓనరుకు ఒక మెసేజ్ పెట్టండి. "అన్నా, మనం అనుకున్నది: జీతం ఇంత, బత్తా రోజుకు ఇంత, ఐదు రోజులు దాటితే రోజుకు 400, మైలేజి లోడుతో 4. సరేనా?" ఆయన సరేనని బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం పనిలో చేరినవాళ్లకు నియామక పత్రం ఇవ్వాలి. పెద్ద ట్రాన్స్‌పోర్టులో చేరితే అది అడిగి తీసుకోండి. ఒకటి రెండు లారీలున్న ఓనరును పత్రం అడిగితే నవ్వుతాడు. ఆయన దగ్గర ఈ మెసేజే మీ పత్రం.

ఒరిజినల్ లైసెన్సు మాత్రం ఎవరి దగ్గరా పెట్టకండి. "ఆఫీసులో ఉండనీలే" అన్నచోట చేరకపోవడమే మేలు. దాన్ని పెట్టుకుని మధ్యలో మానేయనివ్వరు.

4. పని గంటల గురించి చట్టం ఏమంటుంది

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. దూర ప్రయాణాలకు అధికారుల అనుమతితో రోజుకు 10, వారానికి 54 దాకా పోవచ్చని అందులో ఉండేది. ఐదు గంటలు పని చేశాక కనీసం అరగంట విశ్రాంతి. వారంలో ఒక రోజు సెలవు. గంటలు దాటితే రెండింతల కూలి. లారీ డ్రైవరు పని గంటలకు ఇదే లెక్క అని మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా చెబుతుంది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టం వాటిలో కలిసిపోయింది. 8 గంటలూ, ఓవర్‌టైముకు రెండింతలూ అలాగే ఉన్నాయి.

పాత చట్టంలో ఒక సంగతి డ్రైవర్లు తెలుసుకోవాలి. స్టీరింగు పట్టుకున్న సమయమే పని కాదు. లోడింగు, అన్‌లోడింగుకు సంబంధించిన పని, బండి రిపేరు, లెక్కలు అప్పజెప్పడం, బండిని షెడ్డులో పెట్టడం, ఇవన్నీ పని గంటలే. కానీ ఊరికే కాచుకుని ఉండే సమయం దగ్గరికి వచ్చేసరికి, 15 నిమిషాల లోపుదైతేనే కలుపుతామని రాశారు. గేటు బయట రెండు రోజులు నిలబడినవాడికి ఇందులో పెద్ద ఆసరా లేదు. అందుకే హాల్టింగ్ మాట మీరే మాట్లాడుకోవాలని అంతగా చెబుతున్నాను.

ఇంకో చిక్కు. ఆ పాత చట్టం ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. మన దగ్గర లారీల్లో చాలావరకు ఒకటి రెండు బండ్ల ఓనర్లవే. వాళ్ల దగ్గర మీ గంటలకు కాపలా మీరే. కనీస వేతనం మాత్రం చిన్న ఓనరుకూ వర్తిస్తుంది.

5. ట్రిప్పును గంటల్లో లెక్కేసుకోండి

డ్రైవర్లు దూరాన్ని కిలోమీటర్లలో చెబుతారు. మీరు గంటల్లో చెప్పుకోవడం అలవాటు చేసుకోండి.

మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడుకు టమాట అనుకుందాం. దూరం 250 కిలోమీటర్ల లోపే. ఒక రాత్రి పని అంటారు. మధ్యాహ్నం 12కు మార్కెట్లో బండి పెట్టాలి. బాక్సులు ఎక్కి, పట్టా కట్టి, తాళ్లు బిగించి బయటపడేసరికి సాయంత్రం 7. చెన్నై చేరేసరికి తెల్లవారుజామున 2 లేదా 3. దించడం, లెక్క, ఖాళీ బాక్సులు ఎక్కించుకోవడం అయ్యేసరికి పొద్దున 7. అంటే 19 గంటలు మేలుకున్నారు. ఇందులో నడిపింది ఏడెనిమిది గంటలే. "ఏడు గంటల డ్రైవింగే కదా, ఖాళీతో వచ్చేయ్" అని ఫోను వస్తుంది. అప్పుడు "మేలుకుని 19 గంటలైందన్నా, నాలుగు గంటలు పడుకుని వస్తా" అని చెప్పడానికి ఈ లెక్క మీ నోట్లో ఉండాలి.

లోడింగు జరుగుతున్నప్పుడు పడుకోవడం ఇందులో కిటుకు. పక్కనే నిలబడి బాక్సులు లెక్కపెట్టాల్సిన అవసరం ఉన్నది చివరి అరగంటే. క్లీనరు ఉంటే అతన్ని నిలబెట్టి మధ్యాహ్నం మూడు గంటలు కునుకు తీయండి. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య కళ్లు మూతలు పడే సమయంలో ఆ కునుకే కాపాడుతుంది. టీ, జర్దా, పాటలు కాసేపటికే. రెప్పలు బరువెక్కాయని తెలిశాక ఇంకో పది కిలోమీటర్లు లాగుదాం అనుకోవద్దు. రోడ్డు అంచున కాదు, పెట్రోలు బంకులోకో టోల్‌గేటు దగ్గరి లారీ బేలోకో పోయి ఆపండి.

దూరం లైనుకు ఇంకో కొలత ఉంది. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ ఈ-వే బిల్లుకు ప్రభుత్వం 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తుంది. పూణెకు 1,000 కిలోమీటర్లయితే 5 రోజులు. అంటే కాగితం మిమ్మల్ని తరమడం లేదు, తరిమేది ఫోనే. గడువు అయిపోయేలా ఉంటే, ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకా దాన్ని పొడిగించవచ్చు. దారిలో బండి చెడిపోతే వెంటనే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు చెప్పండి. పచ్చి టమాటకు, మామిడి కాయకు ఈ బిల్లు అక్కర్లేదు, గుజ్జు డ్రమ్ములకు కావాలి.

బండి ఏ సంవత్సరందో కూడా చూసుకోండి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి. పాత బండిలో రేణిగుంట మే నెల ఎండకు పగలు నిద్రపోవడం అయ్యే పని కాదు. పగలు నిద్ర లేకపోతే రాత్రి డ్యూటీ ఒప్పుకోకండి.

6. ఒక నోటుబుక్కు పెట్టండి

ఐదు రూపాయల చిన్న పుస్తకం చాలు. ట్రిప్పుకు ఒక పేజీ. బయలుదేరిన టైము, మీటరు రీడింగు. గేటుకు చేరిన టైము, లోపలికి పంపిన టైము, దించడం అయిపోయిన టైము. డీజిలు ఎక్కడ ఎన్ని లీటర్లు. చేతి నుంచి పెట్టిన ఖర్చు. ఎన్ని గంటలు పడుకున్నారు.

గేటుకు చేరగానే మీటరునూ గేటు బోర్డునూ ఫోటో తీసి, లొకేషన్‌తో పాటు ఓనరు వాట్సాప్‌కు పంపండి. సెక్యూరిటీ అతన్ని బతిమాలైనా లారీ రసీదు మీద వచ్చిన టైము వేయించి స్టాంపు కొట్టించండి. పార్టీ దగ్గర హాల్టింగ్ వసూలు చేయడానికి ఓనరుకు కావలసింది ఆ స్టాంపే. మీరు ఆయనకు డబ్బు తెచ్చిపెట్టే కాగితం పట్టుకొచ్చినట్టు. అప్పుడు మీ వాటా అడగడం సులువవుతుంది. నేను ఈ పని మొదలుపెట్టిన మూడో ట్రిప్పుకే మా ఓనరు, "ఏమప్పా, గేటు స్టాంపు వేయించినావా?" అని ఆయనే ఫోను చేసి అడిగాడు.

7. ట్రిప్పు కాగానే లెక్క తెంచుకోండి

వచ్చిన రోజు అలసటగా ఉంటుంది, ఇంటికి పోవాలనిపిస్తుంది. అయినా ఇంకో ట్రిప్పు ఎక్కే లోపు లెక్క చూసుకోండి. రెండు మూడు ట్రిప్పుల లెక్కలు కలిసిపోయాక విడదీయడం దేవుడి తరం కూడా కాదు. డబ్బు ఫోనులో వేయించుకుంటే మేలు, "పూణె ట్రిప్పు బత్తా" అని రాసి వేయమనండి.

చట్టం ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా బాకీ జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. సరుకు పాడైందనో, అద్దం పగిలిందనో కోయాలంటే అది మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, మీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. ఇవి తెలిసి ఉంటే చాలు. ప్రతిసారీ చట్టం పేరెత్తితే ఏ ఓనరూ పెట్టుకోడు.

అడ్వాన్సు దగ్గర జాగ్రత్త. చేరేటప్పుడే ఇరవై, ముప్పై వేలు ఇస్తామంటే తియ్యగా ఉంటుంది. ఆ అప్పు తీరేదాకా హాల్టింగ్ మాట మీ నోట రాదు.

8. దెబ్బ తగిలితే, డబ్బులు ఆగితే

బండి ఇన్సూరెన్సు కాగితంలో జీతం డ్రైవరుకు కవరు ఉందా లేదా చూసి, ఒక ఫోటో మీ ఫోనులో పెట్టుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తుంది, ఇంతవరకు చేయకపోతే రేపే చేయండి. అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు ఉచితం. పదిమంది, అంతకు మించి పనిచేసే ట్రాన్స్‌పోర్టులో, జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ అడగండి. ఇరవైమంది ఉంటే పీఎఫ్ కూడా.

డబ్బులు ఎగ్గొడితే ముందు తెలిసిన పెద్దమనిషితో చెప్పించండి, సగం గొడవలు అక్కడే తీరతాయి. తీరకపోతే కార్మిక శాఖ సహాయ అధికారి దగ్గరికి పోండి. సోమవారాల్లో కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఓనరు ఆఫీసు తిరుపతి జిల్లాలో ఉందో, చిత్తూరులో ఉందో చూసుకుని పోండి, లేకపోతే ఒక రోజు బత్తా దండగ. నోటుబుక్కు, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింటు, ఫోను పే రసీదులు తీసుకెళ్లండి.

9. జీతం పెంచమని ఎప్పుడు అడగాలి

ఏప్రిల్‌లో అడగండి. మామిడి సీజను మొదలవబోతుంటే ప్రతి ఓనరూ డ్రైవర్ల కోసం వెతుకుతుంటాడు. ఆగస్టులో అడిగితే, షెడ్డులో నిలబడ్డ బండిని చూపిస్తాడు. ఏడాది నోటుబుక్కు తీసుకెళ్లి ఎన్ని ట్రిప్పులు, మైలేజి ఎంత, ఒక్క గీత పడలేదు, ఎన్ని హాల్టింగ్ స్టాంపులు తెచ్చాను అని చూపించండి. జీతం పెంచనంటే, ట్రిప్పు బత్తాను రోజు బత్తాగా మార్చమనండి. ఓనర్లకు జీతం అంకె పెంచడం కంటే అదే సులువుగా అనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి మీకు మిగిలేదీ అందులోనే ఎక్కువ.